చర్మం, పట్టు, స్పర్శ: కార్పల్ టన్నెల్ శస్త్రచికిత్స తర్వాత కోలుకునే క్రమం

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కు ఎండోస్కోప్ సాయంతో చిన్న కోత పెట్టి చేసే శస్త్రచికిత్స సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. రోగి చాలావరకు ఆ రోజే ఇంటికి చేరుకుంటాడు. మణికట్టు ముడతలో సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే గాటు తప్ప బయటికి మరేమీ కనిపించదు. తర్వాతి నెలల్లో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం ఈ తేలికదనం నుంచే పుడతాయి. గాటు చిన్నది కనుక లోపల జరిగిన పని కూడా చిన్నదేనని అనుకొని కొందరు రెండో వారంలోనే బరువులు ఎత్తుతారు. కుట్లు తీసినా వేళ్ల మొద్దుబారుడు పోలేదు కనుక ఆపరేషను విఫలమైందని మరికొందరు బెంగపెట్టుకుంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే: చెయ్యి మొత్తం ఒకే వేగంతో బాగుపడుతుందనే భావన. నిజానికి చర్మం మానడానికి వారాలు చాలు, పట్టు తిరిగి రావడానికి నెలలు కావాలి, వేళ్ల కొసల్లో స్పర్శ పూర్తిగా నిలదొక్కుకోవడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చో తేల్చుకోవాలంటే ఆ పని ఈ మూడింటిలో దేనిమీద ఆధారపడి ఉందో ముందు చూసుకోవాలి.

తూర్పు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ వివేచన అవసరం ఎక్కువ. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో యంత్రాల దగ్గర, ప్యాకింగ్ బల్లల దగ్గర చేతిబలంతో పనిచేసేవారున్నారు. ఉప్పల్‌లోని ఐటీ ప్రాంగణాల్లో రోజంతా కీబోర్డు ముందు కూర్చునేవారున్నారు. ఉప్పల్ రోడ్డు వెంబడి ఉన్న సీసీఎంబీ వంటి పరిశోధనశాలల్లో బొటనవేలితో పైపెట్‌ను గంటల తరబడి నొక్కేవారున్నారు. వీరందరి ఇళ్లలోనూ బట్టలు పిండి, చపాతీలు ఒత్తి, గిన్నెలు తోమే చేతులున్నాయి. శస్త్రచికిత్స అందరికీ ఒకటే అయినా, తిరిగి పనిలోకి దిగే తేదీ అందరికీ ఒకటి కాదు.

లోపల జరిగినదేమిటి

మణికట్టు దగ్గర అరచేతివైపు, చిన్న ఎముకల వరుస ఒక వంపుగా అమరి ఉంటుంది. ఆ వంపుమీద అడ్డంగా, ఒక అంచునుంచి మరో అంచువరకు దళసరి పీచుపట్టీ ఒకటి బిగిసి ఉంటుంది. ఎముకను ఎముకకు కలిపే ఇలాంటి పట్టీని లిగమెంట్ అంటారు. కింద ఎముకలు, పైన పట్టీ కలిసి ఏర్పరచే ఇరుకుదారే కార్పల్ టన్నెల్. వేళ్లను మడిచే తొమ్మిది టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తంతువులు, వాటితోపాటు మీడియన్ నరం ఈ దారిలోనుంచే అరచేతిలోకి వెళ్తాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం వరకు స్పర్శనిచ్చేదీ, బొటనవేలి మొదట్లోని కండను చాలావరకు నడిపించేదీ ఈ నరమే. చిటికెనవేలు వేరే నరం అధీనంలో ఉంటుంది కనుక ఈ జబ్బులో దానికి సాధారణంగా తిమ్మిరి రాదు.

దారిలో ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా నలిగేది అన్నిటికంటే మెత్తనిదైన నరం. 1981లో గెల్బర్‌మన్ బృందం ఈ ఒత్తిడిని నేరుగా కొలిచినప్పుడు, మణికట్టు నిటారుగా ఉన్న స్థితిలో ఆరోగ్యవంతుల్లో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరస పీడనం, రోగుల్లో 32 మిల్లీమీటర్ల పీడనం కనిపించింది. రోగులు మణికట్టును ముందుకు వంచినప్పుడు అది 94కూ, వెనక్కు వంచినప్పుడు 110కీ పెరిగింది. నిద్రలో మణికట్టు తెలియకుండానే ముడుచుకుపోవడం, అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ రావడం, లేచి చెయ్యి విదిలిస్తే కొంత ఉపశమించడం ఎందుకు జరుగుతాయో ఈ అంకెలే వివరిస్తాయి.

శస్త్రచికిత్స ఉద్దేశం ఆ పట్టీని పూర్తిగా చీల్చి నరానికి చోటు కల్పించడం. 1933లో జేమ్స్ లియర్‌మంత్ దీన్ని నమోదు చేయగా, 1950ల్లో అమెరికాలో జార్జ్ ఫేలెన్ ఈ జబ్బు గుర్తింపునూ చికిత్సనూ విస్తృత ప్రచారంలోకి తెచ్చాడు. 1980ల చివర్లో జపానులో ఒకుత్సు, అమెరికాలో చౌ, ఆ తర్వాత ఏజీ రూపొందించిన పద్ధతుల్లో, అరచేతిని తెరవకుండా మణికట్టు దగ్గరి చిన్న గాటు ద్వారా సన్నని గొట్టాన్నీ కెమెరానూ లోపలికి పంపి, తెరమీద చూస్తూ పట్టీని అడుగునుంచి కోస్తారు. చౌ పద్ధతిలో అరచేతిలో రెండో చిన్న గాటు కూడా ఉంటుంది. లోపల దృశ్యం స్పష్టంగా లేనప్పుడు సర్జన్ గాటు పెంచి, అరచేతిని నేరుగా తెరిచి చేసే పద్ధతికి మారవచ్చు. అది నరం భద్రత కోసం తీసుకునే జాగ్రత్తే తప్ప వైఫల్యం కాదు.

పద్ధతి ఏదైనా పట్టీ తెగేది మాత్రం పూర్తిగానే. చిన్న కోత వల్ల తగ్గేది చర్మానికీ, దాని కింది కొవ్వుపొరకూ కలిగే గాయం. అందుకే ఎండోస్కోపీ చేయించుకున్నవారికి తొలి వారాల్లో మచ్చ దగ్గర నొప్పి తక్కువగా ఉంటుంది, వారు కొన్ని రోజులు ముందుగా పనిలో చేరగలుగుతారు. నెలలు గడిచేకొద్దీ రెండు పద్ధతుల ఫలితాలూ దాదాపు సమానమవుతాయి. మరోవైపు, తాత్కాలికంగా నరం కందిపోయి తిమ్మిరి కొంత పెరగడం ఎండోస్కోపీ పద్ధతిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

మొదటి రెండు వారాలు: చర్మం

స్థానికంగా ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది, అప్పుడు వేళ్లలో మంట, గుంజుడు మొదలుకావచ్చు. మత్తు పూర్తిగా దిగకముందే డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకుంటే ఆ రాత్రి సుఖంగా గడుస్తుంది. చాలామందికి పారాసిటమాల్ సరిపోతుంది. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు, అధిక రక్తపోటు ఉన్నవారు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఘాటైన నొప్పి మాత్రలు సొంతంగా వాడకూడదు.

మొదటి రెండు మూడు రోజుల్లో ముఖ్యమైన పని వాపును అదుపులో ఉంచడం. చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉండాలి: పడుకున్నప్పుడు దిండ్ల మీద, కూర్చున్నప్పుడు కుర్చీ చేతిమీద మరో దిండు వేసి దానిపైన. మెడకు కట్టుకునే గుడ్డ ఊయలలో చెయ్యి రోజంతా వేలాడితే వాపు తగ్గదు సరికదా, భుజం కూడా బిగుసుకుపోతుంది. ఉంగరాలు, గాజులు, మణికట్టుకు కట్టుకున్న కంకణం దారాలు, తాయెత్తులు ఆపరేషనుకు ముందే తీసేయాలి. కుట్లు విప్పేదాకా మళ్లీ వేసుకోకూడదు, ఎందుకంటే గాటు పడేది సరిగ్గా గాజులు ఒరుసుకునే చోటే. స్నానం చేసేటప్పుడు ప్లాస్టిక్ సంచి తొడిగి దాని మూతిని టేపుతో వదులుగా అంటించాలి. రబ్బరు బ్యాండు బిగిస్తే వాచిన చేతిలో రక్తప్రసారానికి అడ్డు తగులుతుంది.

వేళ్ల కదలిక మాత్రం మొదటి రోజునుంచే మొదలుకావాలి. కట్టు కట్టింది మణికట్టుకేగాని వేళ్లకు కాదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి వేళ్లను పూర్తిగా చాచి, నెమ్మదిగా పిడికిలి ముడిచి, మళ్లీ చాచడం వల్ల వాపు దిగుతుంది, టెండాన్లు నరానికి అతుక్కోకుండా జారుతుంటాయి. ఆపరేషను తర్వాత మణికట్టును వారాల తరబడి గట్టి కట్టులో బిగించి ఉంచడం వల్ల అదనపు మేలు లేదని తేలింది, కనుక సర్జన్ ప్రత్యేకంగా చెప్పినప్పుడు తప్ప అది అవసరం లేదు.

కుడిచేతికి ఆపరేషను జరిగినవారికి తెలుగింటి భోజనమే ఒక పరీక్ష. అన్నం కలిపేటప్పుడు కూర నూనె, పులుసు కట్టులోకి ఇంకుతాయి, తిన్నాక చెయ్యి కడుక్కుంటే కట్టు తడుస్తుంది. అందుచేత కుట్లు తీసేవరకు చెంచాతో తినడమే మంచిది. చెంచా పట్టుకోవడం తేలిక వ్యాయామం కూడా అవుతుంది. కుట్లను సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు; కరిగిపోయే దారం వాడితే తీయవలసిన పని ఉండదు. ఈలోగా గాటుమీద పసుపు, బూడిద, కొబ్బరినూనె, ఆకుపసరు వంటివేవీ పెట్టకూడదు.

పథ్యం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వంకాయ, పప్పు, గుడ్డు తింటే గాయం చీము పడుతుందనే నమ్మకంతో చాలా ఇళ్లలో రోగికి చారన్నమో పాలన్నమో మాత్రమే పెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం, అవి దొరికేది పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మాంసం వంటి ఆహారంలోనే. కనుక ఈ పథ్యం మేలుకంటే కీడే చేస్తుంది. గాయాన్ని నిజంగా చీము పట్టించగలిగేది అదుపులో లేని చక్కెర. మధుమేహం ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, గాయం ఆలస్యంగా మానుతుంది, నరం కూడా నెమ్మదిగా కోలుకుంటుంది. వారు ఆపరేషను తర్వాతి వారాల్లో చక్కెరను మరింత తరచుగా పరీక్షించుకోవాలి.

రెండో వారం నుంచి మూడో నెల వరకు: పట్టు

కుట్లు తీసిన రోజున చెయ్యి చూడడానికి బాగైనట్టే ఉంటుంది. అయితే అత్యంత జాగ్రత్త అవసరమైన దశ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. తెగిన పట్టీ అంచుల మధ్య ఏర్పడిన ఖాళీని కొత్త పీచుకణజాలం కొన్ని వారాలపాటు నెమ్మదిగా పూడుస్తుంది. పట్టీ మునుపటికంటే వెడల్పుగా అతుక్కుంటుంది కనుకనే దారి విశాలమవుతుంది. ఎం.ఆర్.ఐ. కొలతల్లో ఆ చోటు సుమారు నాలుగో వంతు పెరిగినట్టు తేలింది. ఈ కణజాలం గట్టిపడకముందే మణికట్టును ముందుకు వంచి బలంగా పిడికిలి బిగిస్తే, టెండాన్లు పైకి ఎగదన్ని మానుతున్న చోటును ఒత్తుతాయి.

పట్టీ రెండు చివరలూ బొటనవేలి వైపు ఎముకలకూ, చిటికెనవేలి వైపు ఎముకలకూ అంటి ఉంటాయి. అరచేతి మొదట్లోని కండలు ఆ పట్టీనే ఆధారంగా చేసుకొని పనిచేస్తాయి. ఆధారం తెగినప్పుడు ఆ ఎముకల వంపు కాస్త విచ్చుకుంటుంది, కండల పట్టు సడలుతుంది. అందువల్ల అరచేతి మొదట్లో రెండు పక్కలా లోతుగా ఒక నొప్పి కలుగుతుంది, దీన్ని సర్జన్లు పిల్లర్ పెయిన్ అంటారు. నేలమీద కూర్చున్నవారు అరచెయ్యి ఆనించి లేవబోయినప్పుడు, బరువైన తలుపును తోసినప్పుడు, చపాతీ పిండి పిసికినప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఎండోస్కోపీ చేయించుకున్నవారికీ ఇది రావచ్చు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిపోయే ఈ నొప్పి జబ్బు తిరగబెట్టిందనడానికి సూచన కాదు. జబ్బు తిరగబెడితే కనిపించేది వేళ్లలో రాత్రి తిమ్మిరి, అంతేగాని అరచేతి మొదట్లో నొక్కుడు నొప్పి కాదు.

పట్టు ముందు తగ్గి తర్వాత పెరుగుతుంది. తెరిచిన పద్ధతిలో ఆపరేషను జరిగిన రోగుల మీద 1989లో వెలువడిన ఒక అధ్యయనంలో, పిడికిలి బలం మూడో వారంలో ఆపరేషనుకు ముందున్నదానిలో 28 శాతానికి పడిపోయి, ఆరో వారానికి 73 శాతానికి చేరి, మూడు నెలలకు మునుపటి స్థాయిని అందుకొని, ఆరు నెలలకు దాన్ని మించి 116 శాతమైంది. ఎండోస్కోపీలో తొలి వారాల తగ్గుదల ఇంతగా ఉండకపోవచ్చు, కానీ క్రమం ఇదే. మూడో వారంలో నీళ్ల చెంబు చేతిలోనుంచి జారిపోతే అది ఆ దశకు సహజమైన బలహీనతే. దాన్ని మొండిగా అధిగమించాలని చూడనక్కరలేదు.

ఈ దశలో వ్యాయామం లెక్కకంటే పద్ధతి ముఖ్యం. టెండాన్లను జార్చే వ్యాయామంలో ఐదు భంగిమలుంటాయి: మొదట వేళ్లన్నిటినీ నిటారుగా చాచాలి, తర్వాత అరచేతిని కదపకుండా వేళ్ల చివరి రెండు కణుపులను మాత్రమే కొక్కెంలా వంచాలి, మళ్లీ చాచి, పూర్తి పిడికిలి ముడవాలి, మళ్లీ చాచి, వేళ్లను నిటారుగానే ఉంచి మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచాలి, చివరగా ఆ భంగిమనుంచి వేలికొసలను అరచేతి మొదటికి ఆనించాలి. ఒక్కో భంగిమలో కొద్ది క్షణాలు ఆగుతూ ఇలా ఐదు నుంచి పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలుగా చేయాలి. తేలిక లాగుడు ఉండవచ్చుగాని నొప్పి పెరగకూడదు; తిమ్మిరి ఎక్కువైతే ఆ పూటకు ఆపాలి. ఇంట్లో పడి ఉన్న రబ్బరు బంతిని మొదటి వారంనుంచే గట్టిగా పిసకడం చాలామంది చేసే పొరపాటు. బలం పెంచే వ్యాయామాలను సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, ఫిజియోథెరపిస్టు సలహాతో మొదలుపెడతారు.

గాటు పూర్తిగా మూసుకుని, పొక్కు ఊడిపోయాక మచ్చకు మర్దన మేలు చేస్తుంది. రెండో చేతి బొటనవేలితో, ఒక చుక్క కొబ్బరినూనెతో, మచ్చ మీద చిన్నచిన్న వలయాలుగా ఐదు నిమిషాలపాటు రోజుకు రెండుమూడుసార్లు రుద్దితే చర్మం అడుగుపొరలకు అతుక్కోకుండా ఉంటుంది. తాకితే జివ్వుమనేంత సున్నితంగా ఉన్న మచ్చను క్రమంగా స్పర్శకు అలవాటు చేయాలి: మొదట దూదితో, తర్వాత మెత్తని నూలుగుడ్డతో, ఆపైన గరుకు తువ్వాలుతో తుడవాలి, చివరగా గిన్నెడు బియ్యంలో చెయ్యి ముంచి వేళ్లతో నెమ్మదిగా కలియబెట్టాలి.

ఇంటిపనుల్లో కాఫీ కప్పు ఎత్తడం, దువ్వుకోవడం, పళ్లు తోముకోవడం, ఫోను వాడడం మొదటి వారంలోనే చేయవచ్చు. తడిబట్టలు పిండడం, కుక్కరు మూత బిగించడం, కొబ్బరికాయ కొట్టడం, ఇత్తడి సామాను తోమడం వంటి బిగింపు, మెలితిప్పుడు పనులను కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఇతరులకు అప్పగించాలి. 20 లీటర్ల నీళ్ల డబ్బా, లోపలి గ్యాసే 14.2 కిలోలుండే సిలిండరు వంటివాటిని రెండు నెలలు దాటేదాకా ఆపరేషను చేతితో ఎత్తకూడదు. ఇంటిల్లిపాది పని ఒక్కరిమీదే నడిచే కుటుంబంలో ఈ ఏర్పాటును ఆపరేషనుకు ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే గాటు చిన్నగా కనిపిస్తున్నంతకాలం ఇంట్లోవారికి సాయం చేయాలన్న ఆలోచన రాదు.

నెలల తరబడి: స్పర్శ

స్పర్శ ఎప్పుడు తిరిగి వస్తుందన్న ప్రశ్నకు జవాబు నరం ఎంత దెబ్బతిన్నదన్న దానిమీద ఆధారపడుతుంది. ఒత్తిడివల్ల నరానికి రక్తం సరిగా అందక అప్పుడప్పుడూ తిమ్మిరి వచ్చే దశలోనే ఆపరేషను జరిగితే, రాత్రి నొప్పి కొద్ది రోజుల్లోనే పోతుంది. నరపోగుల చుట్టూ ఉండే రక్షణపొర దెబ్బతిన్నప్పుడు ఆ పొర తిరిగి ఏర్పడడానికి వారాలు, నెలలు పడుతుంది. నరపోగులే తెగినంతగా నశించి ఉంటే, అవి మణికట్టునుంచి మళ్లీ పెరుగుతూ వేలికొసకు చేరాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టునుంచి చూపుడువేలి కొసకు 16 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, అది 160 రోజుల ప్రయాణం. ఎడతెగని మొద్దుబారుడుతో ఏళ్లు గడిపినవారికి నెలలు గడిచినా పూర్తి మార్పు కనబడకపోవడానికి కారణం ఈ లెక్కే. బొటనవేలి మొదట్లోని కండ పూర్తిగా కరిగిపోయి, గుంటపడి ఉన్నవారికి ఆ బలం కొంతవరకే తిరిగి రావచ్చు. వారికి ఆపరేషను వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం మరింత నష్టాన్ని ఆపడం.

నరం కోలుకునేటప్పుడు చీమలు పాకినట్టు, చిన్న షాకులు కొట్టినట్టు అనిపించడం మామూలే. ఆపరేషనుకు ముందు ఏమీ తెలియని వేలిలో ఇలాంటి అనుభూతి మొదలైతే అది తరచు మంచి సూచనే.

ఈ దశలో ఎక్కువమంది గుర్తించని ప్రమాదం వంటింట్లో ఉంటుంది. పట్టు వచ్చినా స్పర్శ ఇంకా రాని వేళ్లకు వేడి తెలియదు. పొయ్యిమీది గిన్నెను గుడ్డతో దించేటప్పుడు, పెనం అంచు తగిలినప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు కాలినదీ తెగినదీ చూసేదాకా తెలియకపోవచ్చు. స్పర్శ పూర్తిగా వచ్చేవరకు స్నానానికి పెట్టిన నీటివేడిని రెండో చేతితోనే చూసుకోవాలి, వేడిగిన్నెలకు పట్టకారు వాడాలి. కర్మాగారంలో వేడి అచ్చుల దగ్గర, పదునైన లోహపు రేకుల దగ్గర పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

స్పర్శ పురోగతిని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఒక పళ్లెంలో చొక్కా గుండీ, రూపాయి నాణెం, పిన్నీసు, అగ్గిపుల్ల, శనగగింజ వేసి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే వాడుతూ వాటిని ఒక్కొక్కటిగా గిన్నెలోకి తీయాలి. మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకొని. ఎంత సమయం పట్టిందో, ఏ వస్తువును తాకి గుర్తించలేకపోయారో వారానికోసారి రాసుకుంటే, రోజువారీగా కంటికి ఆనని మార్పు నెల తిరిగేసరికి కాగితం మీద కనిపిస్తుంది. చొక్కా గుండీలు, జాకెట్టు హుక్కులు చూడకుండా పెట్టుకోగలగడం కూడా అలాంటి కొలబద్దే.

నరాల బలానికని అమ్మే మాత్రల విషయంలో జాగ్రత్త అవసరం. బి6 విటమిన్ ఈ జబ్బును నయం చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా పెద్ద మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. బి12 సంగతి వేరు: ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న మధుమేహులలోనూ, పూర్తి శాకాహారుల్లోనూ అది లోపించవచ్చు, ఆ లోపం వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. కనుక రక్తపరీక్షలో లోపం తేలితేనే దాన్ని వేసుకోవాలి. థైరాయిడ్ మందకొడిగా ఉన్నా ఈ జబ్బు రావచ్చు, అది సరిగా అదుపులో ఉందో లేదో కూడా చూసుకోవాలి. తిమ్మిరి చిటికెనవేలికీ, పాదాలకూ కూడా ఉంటే కారణం మణికట్టుకు వెలుపల వెతకాలి.

పనికీ రోడ్డుకీ తిరిగి రావడం

కూర్చుని చేసే ఉద్యోగాలకు చాలామంది ఒకటి రెండు వారాల్లో తిరిగి వెళ్లగలుగుతారు. ఈ జబ్బుకు కీబోర్డే కారణమని అందరూ అనుకున్నా, దానికి ఆధారాలు బలహీనమే; బలంగా పట్టి పదేపదే చేసే పనికీ, కంపించే పనిముట్లకూ ఉన్న సంబంధమే గట్టిది. అయినా ఆపరేషను తర్వాత కీబోర్డు ముందు మణికట్టు నిటారుగా ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేసుకోవాలి, అరచేతి మొదలును బల్ల అంచుకు ఆనించకూడదు, మొదట్లో గంటలో కొన్ని నిమిషాలు చేతికి విరామమివ్వాలి. తేలికపాటి చేతిపనికి రెండు నుంచి నాలుగు వారాలు, బరువుపనికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టడం సహజం. డ్రిల్లు, గ్రైండరు వంటి కంపించే యంత్రాలను అందరికంటే చివర్లో చేపట్టాలి. పైపెట్ పట్టేవారికి నొక్కుడు తక్కువ అవసరమయ్యే ఎలక్ట్రానిక్ పరికరం మేలు.

నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికుల్లో చాలామందికి ఇ.ఎస్.ఐ. అనే కార్మిక బీమా పథకం వర్తిస్తుంది, నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. 2017నుంచి నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్న ఉద్యోగులు ఈ పథకం కిందికి వస్తున్నారు. తగినన్ని రోజుల చందా ఉన్నవారికి, డాక్టరు ధ్రువీకరించిన అనారోగ్య కాలానికి సగటు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు నగదు ప్రయోజనం లభిస్తుంది. కోలుకునే క్రమం తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది: జీతం పోతుందన్న భయంతో కుట్లు తీసిన మర్నాడే ప్రెస్ యంత్రం దగ్గరికి వెళ్లకుండా ఆరు వారాలు ఆగగలిగే వీలు ఇది కల్పిస్తుంది. ఆపరేషను బయటి ఆసుపత్రిలో జరిగినా, డిశ్చార్జి కాగితాలతో సంబంధిత ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెంటనే వెళ్లి సర్టిఫికెట్ గురించి మాట్లాడాలి. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఎన్ని కిలోలకు మించి ఎత్తకూడదో, ఏ యంత్రం వాడకూడదో స్పష్టంగా రాయించుకుంటే, తేలికపని ఇమ్మని సూపర్‌వైజరును అడగడానికి ఆధారం ఉంటుంది.

ప్రయాణం గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. ద్విచక్రవాహనంలో కుడి మణికట్టు యాక్సిలరేటరును తిప్పుతూ వెనక్కు వంగి ఉంటుంది, బ్రేకు అకస్మాత్తుగా బిగించవలసి వస్తుంది, ఆపైన రోడ్డు కుదుపులన్నీ అరచేతి మొదట్లోనే తగులుతాయి. పైవంతెన పనులు ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి మార్గం గుంతల్లో నడిపినవారికి ఇది వివరించనవసరం లేదు. నొప్పి లేకుండా బ్రేకును పూర్తి బలంతో పట్టగలిగిన తర్వాతే బండి తీయాలి. చాలామందికి అది కారుకంటే ఆలస్యంగా, కొన్ని వారాల తర్వాతే సాధ్యమవుతుంది. అంతవరకు నాగోలు–రాయదుర్గం మెట్రో మార్గంలోని ఉప్పల్ స్టేషను ఉపయోగపడుతుంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర 2023లో ప్రారంభమైన స్కైవాక్‌లో లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి కనుక రద్దీలో రోడ్డు దాటవలసిన పని లేదు. రైలులోనైనా బస్సులోనైనా పైకమ్మీని రెండో చేతితోనే పట్టుకోవాలి, ఎందుకంటే సడన్ బ్రేకు పడినప్పుడు శరీరం బరువంతా ఆ పట్టుమీదే పడుతుంది.

వెంటనే డాక్టరును కలవవలసిన సందర్భాలు

కింది లక్షణాల్లో ఏది కనిపించినా తదుపరి అపాయింట్‌మెంటు వరకు ఆగకూడదు.

• గాటు చుట్టూ ఎరుపు, వేడి రోజురోజుకూ వ్యాపించడం, చీము కారడం, జ్వరం రావడం.
• చెయ్యి ఎత్తిపెట్టి మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గకపోగా పెరుగుతూ ఉండడం, వేళ్లు నీలంగా లేదా పాలిపోయి చల్లబడడం. కట్టు మరీ బిగుతుగా ఉందేమో ముందు అదే రోజు చూపించుకోవాలి.
• మత్తు దిగిన తర్వాత కూడా ఆపరేషనుకు ముందు లేని కొత్త మొద్దుబారుడు ఉండడం, బొటనవేలిని అరచేతినుంచి పైకి లేపలేకపోవడం, ఏదైనా వేలు ముడవలేకపోవడం.
• కట్టు తడిసేంతగా రక్తం కారడం. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో ఇది మరింత ముఖ్యం.
• వారాలు గడుస్తున్నకొద్దీ చెయ్యి వాచి, మెరుస్తూ, బిగుసుకుపోయి, గాయానికి మించిన మంటతో బాధించడం. ఇది అరుదుగా వచ్చే నరసంబంధమైన చిక్కు, తొందరగా చికిత్స మొదలైతేనే ఫలితముంటుంది.

మూడు గడుల పుస్తకం

కోలుకునే కాలాన్ని క్రమంలో పెట్టడానికి మామూలు నోటుపుస్తకం చాలు. పేజీని చర్మం, పట్టు, స్పర్శ అని మూడు గడులుగా విభజించి, ప్రతి ఆదివారం ఒక్కో గడిలో ఒక్కో వాక్యం రాయాలి. చర్మం గడిలో గాటు, మచ్చ పరిస్థితి. పట్టు గడిలో ఆ వారం నొప్పి లేకుండా చేయగలిగిన అతి బరువైన పని. స్పర్శ గడిలో పళ్లెం పరీక్షకు పట్టిన సమయం, ఆ వారం ఎన్ని రాత్రులు తిమ్మిరితో మెలకువ వచ్చిందీ. సర్జన్‌ను కలిసినప్పుడు ఫర్వాలేదండీ అనే ఒక్క మాటకంటే ఈ మూడు వాక్యాలు ఎక్కువ సమాచారమిస్తాయి.

ఏ కొత్త పనికైనా ముందు ఆ పుస్తకాన్నే సంప్రదించాలి. చేత్తో అన్నం కలుపుకోవడానికి చర్మం మానితే చాలు; తడిబట్టలు పిండడానికి పట్టు కావాలి; పొయ్యి దగ్గర వేడిగిన్నె దించడానికి పట్టుతోపాటు స్పర్శ కూడా కావాలి; బండి నడపడానికి మూడూ కావాలి. పనికి అవసరమైన వాటిలో ఏది అన్నిటికంటే వెనకబడి ఉందో దాన్నిబట్టే తేదీ నిర్ణయించుకోవాలి, ముందున్నదాన్నిబట్టి కాదు. రెండు చేతులకూ జబ్బు ఉన్నవారు రెండో చేతి ఆపరేషను తేదీని కూడా ఇలాగే ఎంచుకోవాలి: మొదటి చెయ్యి నీళ్ల బకెట్టును ఎత్తగలిగి, వేడిని గుర్తించగలిగే స్థితికి వచ్చాక రెండోదాన్ని సర్జన్‌కు అప్పగిస్తే, ఆ తర్వాతి తొలి రెండు వారాల్లో ఇల్లు నడిపే భారం మొదటి చెయ్యి మోయగలుగుతుంది.